మూత పెట్టే చెయ్యి

భారతమ్మ పెట్టిన ట్రేకు వంక పెట్టినవాళ్ళు ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కరు లేరు. విమానాలకు భోజనం పంపే ఆ వంటశాలలో పొద్దున ఆరు గంటల షిఫ్టు అంటే భారతమ్మ షిఫ్టే. కొత్వాల్‌గూడ మీదుగా వచ్చే కంపెనీ బస్సు గేటు ముందు ఆగగానే మొదట దిగేది ఆమె. మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కునేదీ ముందు ఆమే. తలకు వలటోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకుని బెల్టు మొదట్లో నిలబడిందంటే మిగతా ఎనిమిది మంది ఆడవాళ్ళూ మాటలు ఆపి ఎవరి చోట్లో వాళ్ళు సర్దుకుంటారు.

అన్నిటికంటే ముందు మాదిరి ట్రే పెట్టాలి. అది భారతమ్మ తప్ప ఇంకెవరూ ముట్టుకునే పని కాదు. ఎడమ మూల పెరుగు కప్పు, దాని పక్కన కాయముక్కల గిన్నె, కుడివైపు తీపి, ముందు బన్ను, బన్నుకు ఆనుకుని వెన్న, చివర చెంచాల పొట్లం. కప్పుల మీది అక్షరాలు తినేవాళ్ళ వైపు తిరిగి ఉండాలి. అన్నీ పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకు వంచి చూసి, అప్పుడు దాన్ని బెల్టు పైనున్న స్టాండు మీదికి ఎక్కిస్తుంది. ఇక అందరూ తలెత్తి దాన్ని చూడటం, తల దించి తమ వంతు వస్తువును తమ చోట పెట్టడం. చివర నిలబడ్డ మనిషి ట్రే మీద మూత నొక్కి, శాకాహారమైతే ఆకుపచ్చ చీటీ, మాంసాహారమైతే ఎర్ర చీటీ అంటించి ట్రాలీలోకి తోస్తుంది. వేడి అన్నం, కూర వేరే డబ్బాల్లో వేరే దారిన పోతాయి. వాటితో వీళ్ళకు పని లేదు.

కొత్తగా ఎవరు చేరినా భారతమ్మ మొదటి రోజు చెప్పే పాఠం ఒకటే.

"చూసి పెట్టు. ఆలోచించకు. ఆలోచిస్తే చెయ్యి ఆగుతది, చెయ్యి ఆగితే బెల్టు ఆగుతది, బెల్టు ఆగితే ఇమానం ఆగుతది."

ఆ మాట విని మొదట నవ్వుతారు. వారం తిరిగేసరికి ఆ నవ్వూ ఉండదు, ఆలోచనా ఉండదు. చేతులు మాత్రం ఆడుతుంటాయి. భారతమ్మకు కావలసింది కూడా అదే.

ఆ సోమవారం షిఫ్టు అయ్యాక మేనేజరు ఉదయభాస్కర్ ఆమెను తన అద్దాల గదికి పిలిచాడు. కాకినాడ వైపు మనిషి, ఎవరితోనూ గొంతు పెంచడు. పొరపాటున కూడా ఎవరినీ నువ్వు అనడు. కూర్చోమన్నాడు. భారతమ్మ కూర్చోలేదు. ఆ గదిలో కూర్చునే అలవాటు ఆమెకు లేదు. ఈ తొమ్మిదేళ్ళలో ఇద్దరు షిఫ్ట్ సూపర్‌వైజర్లు హోటల్ చదువులు చదివి వచ్చి అతని ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. పెరుగు కప్పులు ఏ అరలో ఉంటాయో, ట్రాలీ తలుపు ఎందుకు పట్టేస్తుందో ఇద్దరికీ ఆమే నేర్పింది. నేర్చుకున్నారు, వెళ్ళిపోయారు. రెండోవాడు పోయి నాలుగు నెలలయింది. ఆ నాలుగు నెలలుగా భారతమ్మ రోజూ పొద్దున ఆ కుర్చీ వైపు ఓసారి చూసి బెల్టు దగ్గరికి పోతోంది. అది ఎవరికీ తెలియదనుకుంది గానీ ఉదయభాస్కర్‌కు తెలుసు.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రెండో లైను మొదలవుతుందని చెప్పాడతను. రెండు లైన్లనూ చూసుకునే సూపర్‌వైజర్‌గా ఆమె పేరే పంపుదామనుకుంటున్నానని కూడా చెప్పాడు. భారతమ్మ తల ఊపి ఊరుకుంది.

"ఒక్క సంగతమ్మా," అన్నాడు. "మీరు పైకి వస్తే ఈ లైను ఎవరు నడుపుతారు?"

"నేనున్న గద సార్. రెండూ నేనే జూసుకుంట."

"రెండు బెల్టుల మొదట్లో ఒకే మనిషి ఎలా నిలబడతారు? శుక్రవారానికి నాకో పేరు చెప్పండి. ఆ రోజు పొద్దుటి విమానం ట్రేలు మీ చెయ్యి పడకుండా బయటికి వెళ్ళాలి. అలా జరక్కపోతే నగరం నుంచి ఇద్దరు సూపర్‌వైజర్లను పంపుతామని ఏజెన్సీ వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. వాళ్ళను తీసుకోక తప్పదు."

భారతమ్మ బయటికి వచ్చి, బస్సు కోసం బెంచీ మీద వరసగా కూర్చున్న తన మనుషులను ఒక్కొక్కరినే చూసింది. సునీతకు చేతులు చురుకే, నోరు అంతకంటే చురుకు. అనంతమ్మకు పని వచ్చు గానీ మోకాళ్ళు నిలవనీయవు, పైగా పెద్దరికం తనకెందుకంటుంది. ఆ చివర మూత పెట్టే రుక్కమ్మ. మహేశ్వరం నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఏడాదిన్నరలో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. మూతకు మాటలక్కర్లేదు కాబట్టే భారతమ్మ ఆమెను అక్కడ నిలబెట్టింది. మిగతావాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, బన్ను అయిపోతే కొత్త పెట్టె విప్పాలా అని కూడా తననే అడుగుతారు. శుక్రవారానికి పేరట. గాలిలోంచి తేవాలా పేరు?

ఇంటికి వచ్చేసరికి కోడలు నిర్మల జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి అరచేత్తో తడుతుంటే రొట్టె అంచు చీలింది. భారతమ్మ చేతులు కడుక్కుని పిండిగిన్నె తన వైపు లాక్కుంది. నిర్మల చేతికంటిన పిండి తుడుచుకుని గోడకు ఆనుకుని నిలబడింది. రొట్టె గుండ్రంగా, పల్చగా పెనం మీద పడింది. అప్పుడు గానీ భారతమ్మకు మనసు కాస్త కుదుటపడలేదు.

భర్త సత్తయ్య విమానాశ్రయం రోడ్డు మధ్యన పూలమొక్కలకు నీళ్ళు పడతాడు. సంగతి అంతా విని నవ్వాడు.

"ఎనిమిది మందిల ఒక్కరు దొరకరా? నేను పోకుంటే నా పైపు ఎవరో ఒకరు పడుతనే ఉన్నరు. మొక్కలేం ఎండుతలేవు."

నీళ్ళు పట్టుడు, ట్రే పెట్టుడు ఒకటేనా అని భారతమ్మ విసుక్కుంది. సత్తయ్య రొట్టె తుంచుకుంటూ, ఒకటే అని నేననలేదుగా అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఇంకాస్త కోపం వచ్చింది.

మంగళవారం మెనూ మారింది. కొత్త కాగితం బెల్టు పక్కన అతికించి ఉంది. మారింది కొద్దే. ఆకుపచ్చ ట్రేలో గులాబ్‌జామూన్ పోయి సేమ్యా పాయసం వచ్చింది, ఎర్ర ట్రేలో గుడ్డు వేసిన కేకు ముక్క వచ్చింది. భారతమ్మ కాగితం చూసింది. చూసిందే గానీ తల నిండా రాత్రి నుంచి తిరుగుతున్న పేర్లే. ఏజెన్సీ నుంచి వచ్చే ఆ ఇద్దరూ, వాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి అన్నీ నేర్పుతున్న తనూ కళ్ళ ముందు కనిపిస్తున్నారు. ఆ మంటలోనే ఆకుపచ్చ ట్రే పెట్టింది, ఎప్పటిలాగే రెండడుగులు వెనక్కి వేసి చూసింది, స్టాండు మీదికి ఎక్కించింది. బెల్టు కదిలింది.

తొమ్మిదీ ఇరవై విమానానికి ఎనభై నాలుగు ఆకుపచ్చవి, డెబ్బై రెండు ఎర్రవి. ట్రేలు జరజరా సాగుతున్నాయి. నాలుగో ట్రేనో ఐదో ట్రేనో వెళ్ళేటప్పుడు చివర రుక్కమ్మ చెయ్యి మూత పట్టుకుని గాలిలో ఆగింది. తలెత్తి భారతమ్మ ముఖం చూసింది.

"రుక్కమ్మా, చెయ్యి ఆడని," అంది భారతమ్మ.

చెయ్యి ఆడింది. మూత పడింది. ఆ తర్వాత ఒక్కటీ ఆగలేదు.

ట్రాలీలన్నీ డ్రైవరు కొండల్ లారీలోకి ఎక్కాయి. ఆ లారీ డబ్బా పైకి లేచి విమానం తలుపుకు తగులుతుంది. ఎనిమిదీ పావుకు అది గేటు దాటాలి. పదిహేను నిమిషాలు ముందే పని అయిందని భారతమ్మ తృప్తిగా స్టాండు మీది మాదిరి ట్రేను దించబోయింది. కుడివైపు తీపి చోట కేకు ముక్క ఉంది. పక్కనే ఆకుపచ్చ చీటీ ఉంది.

ఒక్క క్షణం ఆమెకు అది ఇంకెవరో పెట్టిన ట్రే అనిపించింది. తర్వాత చీటీ మళ్ళీ చూసింది. ఎనభై నాలుగు మంది శాకాహారుల ముందు గుడ్డు.

పరుగున పోయి లారీ తలుపు కొట్టింది. కొండల్ దిగి, ఏమైందక్కా అని అడుగుతుండగానే ట్రాలీలు కిందికి దిగుతున్నాయి. ఇక తొమ్మిది జతల చేతులు ఎలా కదిలాయో ఎవరికీ గుర్తు లేదు. ఒకరు మూత విప్పుతున్నారు, ఒకరు కేకు తీస్తున్నారు, ఒకరు పాయసం కప్పు దించుతున్నారు. రుక్కమ్మ మళ్ళీ మూత నొక్కుతోంది. అనంతమ్మ మోకాళ్ళ సంగతే మరిచిపోయి చల్లగదికి రెండుసార్లు ఉరికింది. ఎనిమిదీ ఇరవై రెండుకు లారీ గేటు దాటింది. విమానం ఆగలేదు.

ఊపిరి తిరిగాక భారతమ్మ అందరినీ చూసింది. ఎనభై నాలుగు ట్రేలు కళ్ళ ముందు నుంచి పోయాయి, ఒక్కరికీ కనపడలేదా అని అడిగింది. సునీత, మెనూ మారిందంటే ఇదే కొత్తదేమో అనుకున్నానక్కా అంది. అనంతమ్మ, నువ్వు పెట్టిన ట్రే తప్పవుతదని ఎవరనుకుంటరే భారతా అంది. మిగతావాళ్ళు నేల చూశారు.

"నాకు కనపడ్డది," అంది రుక్కమ్మ.

"కనపడితే చెప్పవా?"

"చెప్పనీకే నీ దిక్కు చూసిన. చెయ్యి ఆడని అన్నవ్."

గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అదే భారతమ్మకు ఎక్కువ తగిలింది.

తప్పు జరిగితే కాగితం రాయాలి. ఆ కాగితంలో మూడు గళ్ళు. పైన షిఫ్ట్ సూపర్‌వైజర్‌ది, నాలుగు నెలలుగా ఖాళీ. మధ్యలో లైన్ ఇన్‌ఛార్జిది, అక్కడ భారతమ్మ సంతకం. అడుగున బాధ్యులు. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు గానీ అడుగు గడిలో మూత పెట్టినవాళ్ళే సంతకం చెయ్యాలి. చివరగా చూసింది వాళ్ళే కనుక తప్పు వాళ్ళదే అని ఓ ఆనవాయితీ. మూడు సంతకాలు పడితే గేటు పాసు వెనక్కి తీసుకుంటారు, అంటే పని పోయినట్టే. రుక్కమ్మవి ఇప్పటికి రెండున్నాయి. ఒకటి సునీత వెన్న మరిచిపోయినందుకు, ఒకటి బన్నులు లెక్క తప్పినందుకు. రెండుసార్లూ కాగితం ఆమె ముందుకు జరిపింది భారతమ్మే. అప్పుడు తప్పనిపించలేదు. పద్ధతి అంతే అనుకుంది.

ఇప్పుడు రుక్కమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి, తొడుగు విప్పి, తడి చెయ్యి చీరకు తుడుచుకుని పెన్ను అందుకుంది. అడుగు గడి మీదికి వంగింది. మూడో సంతకానికి అంత నిమ్మళంగా వంగిన ఆ వీపును చూసి భారతమ్మకు తన మీద తనకే పట్టలేని కోపం వచ్చింది. కాగితం లాగేసుకుంది. మధ్య గడిలో తన పేరు రాసింది, అడుగు గడిలోనూ తన పేరే రాసింది.

ఉదయభాస్కర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అడుగున మూత వేసినావిడ పేరు రాయడమే కదా ఆనవాయితీ అని మెల్లగా అన్నాడు. ఈ కాగితం పైకి వెళుతుందనీ, సూపర్‌వైజర్ పేరుతో పాటు ఇదీ వాళ్ళ ముందుంటుందనీ అన్నాడు. మార్చుకోవాలంటే ఇంకో కాగితం ఇస్తానన్నాడు.

"ఎందుకు సార్? ట్రే పెట్టింది నేను. ఆమె ఆపబోతే ఆపనియ్యంది నేను."

"అయితే సూపర్‌వైజర్ సంగతి నేను మాటివ్వలేనమ్మా."

"ఇయ్యకున్రి," అంది భారతమ్మ. ఆ మాట అనగలనని ఆమె అనుకోలేదు. బస్సులో కూర్చున్నాక తొమ్మిదేళ్ళుగా చూసిన కుర్చీ ఒక్క సంతకంతో పోగొట్టుకున్నానా అని దుఃఖం పొంగింది. కొత్వాల్‌గూడ దాటి తన దిగే చోటు వచ్చినా కిటికీలోంచే చూస్తూ ఉండిపోతే డ్రైవరు హారను కొట్టి దింపాడు.

బుధవారం పొద్దున బెల్టు దగ్గర అందరూ నిలబడ్డాక భారతమ్మ తన చోటికి పోలేదు. సునీతను పిలిచి మాదిరి ట్రే పెట్టమంది. సునీత నోట మాట పడిపోవడం ఆ వంటశాలలో అదే మొదలు. పెట్టింది. పెట్టాక స్టాండు మీదికి ఎక్కించబోతే భారతమ్మ ఆపింది. ఆ ట్రేను బెల్టు మీద పెట్టి మెల్లగా తోయమంది. ఒక్కొక్కరు దాన్ని తమ ముందు ఆపుకుని కాగితంతో సరిచూసి పక్కకు జరపాలి. అట్లా జరిగి జరిగి అది చివరికి రుక్కమ్మ దగ్గరికి పోవాలి. రుక్కమ్మ కానియ్యి అంటేనే బెల్టు కదలాలి. నడుమ ఎప్పుడు ఆపమన్నా ఆగాలి. బెల్టు చివర కూడా ఒక ఎర్ర బొత్తాం ఉంది. వచ్చిన కొత్తలో అతికించిన ప్లాస్టిక్ కాగితం దాని మీద ఇంకా అట్లాగే ఉంది. భారతమ్మ గోటితో దాన్ని ఒలిచేసింది.

"ఇగ ఈ లైనుకు పెద్ద చివర్ల నిలబడ్డ మనిషి," అంది. "రుక్కమ్మ."

రుక్కమ్మ తల అడ్డంగా ఊపింది.

"నాతోని గాదక్కా."

"తప్పుకు సంతకం పెట్టనీకి అయింది గాని, ఆపు అననీకి కాదా?"

రుక్కమ్మ బొత్తాం వైపు చూసింది. తర్వాత సునీత పెట్టిన ట్రేను తన ముందుకు లాక్కుని, ఒక్కో కప్పునూ వేలితో తాకి చూసి, ఎవరికీ వినపడనంత చిన్నగా కానియ్యి అంది. వినపడలేదు, గట్టిగా చెప్పు అని సునీత అరిచింది. అందరూ నవ్వారు. రెండోసారి వినపడింది.

ఆ రోజూ, మర్నాడూ భారతమ్మ గోడ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో అంత కష్టమైన పని ఆమె చెయ్యలేదు. వెన్న పొట్లం కాస్త వంకరగా పడితే వేళ్ళు దురద పెట్టాయి. బెల్టు బుధవారం నాలుగుసార్లు ఆగింది, అందులో రెండు ఉత్తినే. ఒకసారి రుక్కమ్మ చీటీ రంగు తప్పనుకుని ఆపి, తప్పు కాదని తెలిసి, నాదే పొరపాటు, కానియ్యున్రి అంది. లారీ దగ్గర కొండల్ గడియారం చూసుకున్నాడు. ఏందక్కా ఇయ్యాల, పెండ్లి నడకలున్నయ్ అని నవ్వాడు. భారతమ్మ నవ్వలేదు. గురువారం రెండుసార్లే ఆగింది. అందులో ఒకసారి ఆపమంది రుక్కమ్మ కాదు, నడుమ నిలబడ్డ అనంతమ్మ. బన్ను కవరు చిరిగి ఉందట. పెద్దరికం నాకెందుకనే మనిషి చెయ్యెత్తి బెల్టు ఆపించి, ఆపించినందుకు తనే సిగ్గుపడింది.

ఆ సాయంత్రం ఇంట్లో నిర్మల రొట్టె తడుతుంటే అంచు మళ్ళీ చీలింది. భారతమ్మ తన చేతులను తన ఒడిలోనే ఉంచుకుంది. చీలిన రొట్టే పెనం మీద పడింది, చీలిన రొట్టే కంచంలోకి వచ్చింది. రుచి రొట్టె రుచే. సత్తయ్య రెండోది అడిగి వేయించుకున్నాడు. మూడో రొట్టె చీలలేదు.

శుక్రవారం ఉదయభాస్కర్ తన గదిలోనే కూర్చున్నాడు గానీ తలుపు తెరిచి ఉంచాడు. సునీత ట్రే పెట్టింది, అది అందరి ముందు నుంచీ జరిగి చివరికి చేరింది. రుక్కమ్మ కానియ్యి అంది. ఈసారి గొంతు గది దాకా వినపడింది. భారతమ్మ గోడ దగ్గర నుంచే ట్రేను చూసింది. పాయసం పాయసం చోట, పెరుగు పెరుగు చోట, అక్షరాలు తినేవాళ్ళ వైపు. తను పెట్టినా అంతే. లోపల కాస్త గర్వమే కలిగింది.

నలభై ట్రేలు దాటి ఉంటాయి. రుక్కమ్మ ఒక మూత నొక్కి, తీసి, మళ్ళీ నొక్కింది. పక్క ట్రే మూత మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత ఎర్ర బొత్తాం మీద గుద్దింది. బెల్టు హోరు ఒక్కసారిగా ఆగిపోయింది.

భారతమ్మ దగ్గరికి వచ్చి ట్రే చూసింది. ఏ తప్పూ కనపడలేదు. పెరుగు కప్పు మీద తారీఖు చూసింది, ఇంకా నాలుగు రోజులుంది. గడియారం ఎనిమిదికి పది తక్కువ చూపిస్తోంది. కుర్చీ, ఏజెన్సీ మనుషులు ఇద్దరు, మంగళవారం కాగితం అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. చెయ్యి ఆడని అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. భారతమ్మ దాన్ని మింగేసి చేతులు మళ్ళీ వెనక్కి కట్టుకుంది.

హోరు ఆగడంతో ఉదయభాస్కర్ గదిలోంచి బయటికి వచ్చాడు. నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఏమైందమ్మా, ఎందుకు ఆపారు?"

"నన్నడుగుతరేంది సార్," అంది భారతమ్మ. "లైను రుక్కమ్మది. ఆమెనడుగున్రి."

ఉదయభాస్కర్ రుక్కమ్మ వైపు తిరిగాడు. ఏడాదిన్నరలో రుక్కమ్మ మేనేజరుతో ఒక్క మాటా మాట్లాడి ఎరగదు. మూతిగుడ్డ కిందికి లాక్కుంది.

"పెరుగు కప్పులు పైకి తంతున్నయ్ సార్. మూత నొక్కితే కూసుంటలేదు."

అతను కప్పు తిప్పి తారీఖు చూసి, ఇంకా గడువుందమ్మా అన్నాడు.

"కప్పు మీద తారీఖు మంచిగనే ఉన్నది సార్. లోపట పెరుగు పొంగింది. మా ఇంట్ల రెండు బర్రెలున్నయ్, పొంగిన పెరుగు నా చేతికి తెల్వదా?"

ఉదయభాస్కర్ కప్పు మీది రేకు లాగాడు. బుస్సుమని గాలి వచ్చింది, వెనకే పులిసిన వాసన. ఇంకోటి విప్పాడు, అదీ అంతే. ఆ కప్పులన్నీ ఒకే పెట్టెలోవి. వచ్చే దారిలో ఎక్కడో ఆ పెట్టె చల్లదనం తప్పి ఉంటుంది. చూసి పెట్టేవాళ్ళకు ఎన్నటికీ తెలియని సంగతి అది. తొమ్మిదేళ్ళు తన కళ్ళను తప్ప దేన్నీ నమ్మని భారతమ్మ రుక్కమ్మ అరచేతి వైపు చూసింది.

ఇప్పుడేం చేద్దామని ఎవరో అడిగారు. అలవాటుగా అందరి తలలూ భారతమ్మ వైపు తిరిగాయి. భారతమ్మ రుక్కమ్మను చూసింది. తలలు అటు తిరిగాయి.

"ఆ పెట్టె బయట పెట్టున్రి," అంది రుక్కమ్మ. ఒక్కో మాటా ఆగి ఆగి వస్తోంది గానీ ఆగిపోవడం లేదు. "అనంతమ్మక్కా, నువ్వు రెండో పెట్టె తీస్కరా. సునీతా, ఒక్కొక్క కప్పు బొటనేలితోని ఒత్తి చూసి ఇయ్యి, లోపటికి పోతేనే ఇయ్యి." ఇటు తిరిగింది. "అక్కా, నువ్వు జర ట్రాలీల ఉన్నయన్నీ బయటికి తీసియ్యి, జల్ది."

"అట్లనే," అంది భారతమ్మ.

అని, ట్రాలీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అడుగు అరలోంచి ట్రేలు లాగి అందించడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఎవరో చెప్పిన పని చేస్తోందామె. పని చేస్తూ, తనకు చెప్పింది ఎవరో తెలిసి ఒక్కసారి చెయ్యి ఆగింది. రుక్కమ్మకు మాత్రం ఆ ధ్యాసే లేదు. ఇంకా ఎన్నున్నయక్కా అని పైనుంచి అడుగుతోంది.

లారీ ఎనిమిదీ ఇరవై ఆరుకు గేటు దాటింది. పదకొండు నిమిషాలు ఆలస్యం. విమానం టైముకే లేచింది.

ఆలస్యానికి కాగితం రాయాలి. అద్దాల గదిలో ఉదయభాస్కర్ దాన్ని బల్ల మీద పెట్టగానే రుక్కమ్మ అలవాటుగా అడుగు గడి మీదికి వంగింది. అతను మధ్య గడి మీద వేలు పెట్టాడు. రుక్కమ్మ ఆ గడినీ, భారతమ్మనూ మార్చి మార్చి చూసింది.

"అది అక్కది సార్."

"ఇవాళ లైను నడిపింది ఎవరమ్మా?"

రుక్కమ్మ ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. గడి చిన్నదయి చివరి అక్షరం గీత దాటింది. అడుగు గడిలో ఉదయభాస్కర్ పెరుగు పెట్టె నంబరు రాశాడు. మూత పెట్టినవాళ్ళ పేరు ఇక ఆ గడిలో రాయనక్కర్లేదని కూడా చెప్పాడు. రుక్కమ్మ పెన్ను బల్ల మీద పెట్టి, పదకొండు గంటల విమానం ట్రేలున్నయ్ సార్ అని వెళ్ళిపోయింది.

భారతమ్మ నిలబడే ఉంది. మధ్య గడి నిండిపోయింది, అడుగు గడి నిండిపోయింది.

"మరి నేనేడ పెట్టాలె సార్?"

మంగళవారం కాగితం చూసి పైవాళ్ళు ఫోన్ చేశారని ఉదయభాస్కర్ చెప్పాడు. తప్పును తన పేరు మీద రాసుకున్న మనిషిని సూపర్‌వైజర్‌గా ఎలా పంపుతావని అడిగారట. "రాసుకుంది కాబట్టే పంపుతానన్నాను," అని కాగితాన్ని ఆమె వైపు తిప్పి, పై గడి చూపించాడు. ఎదుటి కుర్చీ లాగి, ఇప్పుడైనా కూర్చోండి అన్నాడు.

భారతమ్మ కూర్చుంది. నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న గడిలో సంతకం పెట్టింది. రెండు లైన్లూ, కొత్తగా రాబోయే తొమ్మిది మందీ, వాళ్ళకు మొదటి రోజు చెప్పవలసిన మాటా గుర్తొచ్చాయి. పాత పాఠం పనికిరాదు. ఇంకోటి వెతుక్కోవాలి. వెతుక్కోగలననే ఆమెకు అనిపించింది.

అద్దంలోంచి బెల్టు కనపడుతోంది. పదకొండు గంటల విమానం మాదిరి ట్రే ఒకరి ముందు నుంచి ఒకరి ముందుకు జరుగుతూ పోతోంది. సునీత ఏదో అంటోంది, అనంతమ్మ దానికి నవ్వుతోంది. ట్రే చివరికి చేరింది. రుక్కమ్మ ఒక్కో కప్పునూ తాకి, తలెత్తి కానియ్యి అంది. బెల్టు కదిలింది. సరిపోయిందా అని అడగడానికి ఒక్కరూ ఈ గది వైపు చూడలేదు. భారతమ్మకు ముందు మనసు చివుక్కుమంది. తర్వాత నవ్వొచ్చింది.